‘ఇక చాలు’ అనడం తెలివా, చేతకానితనమా? తావో చదివిన ఒక లెక్చరర్ ప్రశ్న

కాలవగట్టు (విజయవాడ)

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ నేను రాసింది ఎప్పుడూ లేదు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. కాలేజీ పేరు అనవసరం, బెజవాడలో ఏ సందు తిరిగినా అలాంటిది ఒకటి తగుల్తుంది. 18 ఏళ్ల సర్వీసు. పొద్దున ఆరున్నరకి మొదలుపెడితే రాత్రి స్టడీ అవర్ అయ్యేసరికి తొమ్మిది. ఎండాకాలం పాఠాలు తగ్గుతాయి, అడ్మిషన్ల టార్గెట్ మొదలవుతుంది. పదో తరగతి రాసిన పిల్లల ఇళ్లకి పాంప్లెట్లు పట్టుకుని, చీరలమ్మేవాడిలా గుమ్మం గుమ్మం ఎక్కి దిగాలి. పోయిన మే నెలలో అలా మూడో అంతస్తు ఎక్కుతుంటే ఛాతీ పట్టేసింది. స్టెంటు వేశారు. నా వయసు 43.

ఆసుపత్రిలో పక్క మంచం పేషెంటు కొడుకు ఒక పుస్తకం వదిలేసి వెళ్లాడు. పాతకాలపు చైనా జ్ఞాని లావోట్సే ‘తావో తె చింగ్’, ఇంగ్లీషులో. తావో అంటే దారి అట. 81 చిన్న అధ్యాయాలు, చైనా మూలంలో అంతా కలిపి దాదాపు 5 వేల అక్షరాలేనట. మూడు రోజుల్లో రెండుసార్లు చదివాను. 44వ అధ్యాయంలో ఒక మాట ఉంది: చాలు అని తెలిసినవాడికి అవమానం లేదు, ఎక్కడ ఆగాలో తెలిసినవాడికి ప్రమాదం లేదు. నేను సైన్సువాణ్ణి, శకునాలు నమ్మను. అయినా ఛాతీ నిండా వైర్లు అంటించుకుని చదివితే ఆ మాట వేరేగా వినపడింది.

బయటికొచ్చాక వైస్ ప్రిన్సిపల్ పోస్టు వద్దన్నాను. రాత్రి స్టడీ అవర్లు, అడ్మిషన్ల తిరుగుడు నావల్ల కాదని రాసిచ్చాను. జీతం కోశారు. సరే అన్నాను. ఇప్పుడు సాయంత్రం బందరు కాలవ పక్కన నడుస్తున్నాను. బ్యారేజీ దగ్గర నీటి మట్టం లేపి వదిలితే చాలు, మోటారు అక్కర్లేకుండా వంపు పట్టుకుని డెల్టా అంతా పారతాయి నీళ్లు. లావోట్సే చెప్పే ‘వూ వెయ్’ ఇదే అనిపిస్తుంది. మాటకి అర్థం ‘చేయకపోవడం’. పని మానెయ్యమని కాదు, పని వాటానికి ఎదురెళ్లి గింజుకోవద్దని.

మా బావమరిది మాత్రం దీన్ని చేతకానితనం అంటున్నాడు. మీరేమంటారు?

రాత్రిషిఫ్టు (గుంటూరు)

ముందు ఆరోగ్యం జాగ్రత్త సర్. మీ బావమరిదికి ఒక నెల అడ్మిషన్ల టార్గెట్ ఇచ్చి చూడండి.

ఆటోనగర్ లేత్

మంచి పని చేశారు మాస్టారూ.

టిక్కీ334 (గుంటూరు)

మాస్టారూ, మీరు తేలిగ్గా బయటపడ్డారు, సంతోషం. కానీ ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. స్టెంటు వేయించుకున్నోడు మెట్లెక్కనంటే దానికి చైనా తాత సాక్ష్యం ఎందుకు? డాక్టరు చీటీ చాలదా?

నాకు కోల్డ్ స్టోరేజీలో పని. సీజన్ దాటాక తీరికే, ఈ పుస్తకం నేనూ చదివా. మీరు 44 చదివి ఆగారు, నేను 3 దగ్గర ఆగా. జ్ఞాని రాజ్యం ఎట్టా ఏల్తాడంట? జనం మనసులు ఖాళీ చేస్తాడంట, పొట్టలు నింపుతాడంట, ఆశలు తగ్గిస్తాడంట, ఎముకలు గట్టిపరుస్తాడంట. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు షావుకారు హమాలీని ఎట్టా కోరుకుంటాడో అచ్చం అట్టాగే ఉంది. ఆశ ఉండకూడదు, ఎముక గట్టిగా ఉండాలి, టిక్కీ, అదే మిర్చి బస్తా, మొయ్యాలి.

‘తృప్తిగా ఉండు’ అన్న మాట ఎప్పుడూ పైనుంచి కిందికే వచ్చుద్ది. కింద ఉన్నోడు పై వాడితో ‘నీకు చాల్లేవయ్యా’ అనటం నేనింతవరకు వినలా.

పాతపుస్తకాలు (విజయవాడ)

కాలవగట్టు గారూ, శుభం. చిన్న సవరణ. ‘తావో’ కాదు, చైనా ఉచ్చారణలో ‘దావ్’. పుస్తకం ‘దావ్ దె జింగ్’. పాత ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మనవాళ్లు ‘త’ పెట్టేశారు.

టిక్కీ గారూ, 3వ అధ్యాయం గురించి మీరన్నది కొట్టిపారేయలేం, దాని మీద పండితులే కొట్టుకున్నారు. కానీ అదే పుస్తకంలో 75 తిరగెయ్యండి. జనం ఆకలితో ఎందుకున్నారు? పైవాళ్లు పన్నులు మరీ ఎక్కువ మింగుతున్నారు కాబట్టి, అంటాడు. కింది నుంచి పైకి మాట వినలేదన్నారు కదా, అది ఈయన అన్నాడు.

టిక్కీ334

దావో, తావో, ఏదైతే ఏంది పెద్దాయనా. దాన్ని చూపించి జీతం కోశారా లేదా, అది చెప్పండి.

రాత్రిషిఫ్టు

జీతం అంటే గుర్తొచ్చింది. చ్వాంగ్ ట్సే అని లావోట్సే తర్వాత వచ్చినాయన కథ ఒకటుంది. కోతుల్ని పెంచేవాడు ‘పొద్దున మూడు కాయలు, సాయంత్రం నాలుగు’ అంటే కోతులన్నీ గోల పెట్టాయంట. ‘సరే, పొద్దున నాలుగు, సాయంత్రం మూడు’ అన్నాడంట. అన్నీ గంతులేశాయి. మా కంపెనీలో ఈ ఏడాది హైక్ లెటర్ అచ్చం ఇదే. పనితీరుని బట్టి ఇచ్చే వేరియబుల్ జీతం కొంచెం తీసి, నెలనెలా వచ్చే ఫిక్స్‌డ్‌లో కలిపారు. గ్రూపులో అందరూ పార్టీ ఎప్పుడని అడుగుతున్నారు. నేనూ అడిగా, అది వేరే విషయం.

ఆటోనగర్ లేత్

ఆ చ్వాంగ్ ట్సే గురించే నాకొక డౌటు. మా అబ్బాయి ఫోన్లో వీడియో చూపించాడు. ఎవరో వంటవాడు 19 ఏళ్లు ఒకే కత్తితో వేలకొద్దీ ఎద్దుల్ని కోశాడంట, ఒక్కసారి సాన పట్టలేదంట, అంచు కొత్తదానిలా ఉందంట. ఇది జరగని పని. నేను 26 ఏళ్లుగా టూలు సాన పడుతున్నా. ఉక్కు ఏదైనా పనిచేస్తే అరుగుతుంది.

పాతపుస్తకాలు

లేత్ గారూ, ఆ కథ సారం వేరు. మామూలు వంటవాడు నరుకుతాడు, నెలకో కత్తి మారుస్తాడు. మంచివాడు కోస్తాడు, ఏడాదికో కత్తి. ఈ వంటవాడు కీళ్ల మధ్య ఖాళీ ఎక్కడుందో చూసి కత్తి అక్కడే పోనిస్తాడు. కీలు మధ్య సందుంది, కత్తి అంచుకి మందం లేదు, కాబట్టి తిరగడానికి కావాల్సినంత చోటు. ఎముకని తాకితే కదా అరిగేది!

ఆటోనగర్ లేత్

మందం లేని అంచు ఉండదండీ. మాంసం తగిలినా అరుగుతుంది, తోలు తగిలినా అరుగుతుంది. 19 ఏళ్లు అబద్ధం.

పిచ్చుక

ఎద్దుని కోసే కథ తప్ప ఇంకేం దొరకలేదా మీకు?

నిర్వాహకుడు

ఆ దారిలోకి వెళ్లొద్దు. రెండు వ్యాఖ్యలు తీసేశాను.

మోటారు రిపేరు (సింగ్‌నగర్)

పైన మాస్టారు నీళ్ల గురించి రాశారు. నీళ్లు సాఫీగా, వంపు పట్టుకుని, ఎవరితో గొడవ లేకుండా పోతాయని. అయ్యా, 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా ఇంట్లోకి కూడా వంపు పట్టుకునే వచ్చింది. షాపులో వైండింగ్‌కి వచ్చిన మోటార్లు 14, ఒక్కటి మిగల్లేదు. మేడ మీద పక్కింటివాళ్లతో మూడు రాత్రులు. ఆ వారంలోనే బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది, పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. నీళ్లని చూసి నేర్చుకోండి అని మాకు చెప్పొద్దు.

కాలవగట్టు

క్షమించండి. నేను ఆ ఉద్దేశంతో రాయలేదు.

మోటారు రిపేరు (సింగ్‌నగర్)

ఉద్దేశం సంగతి కాదు. నీళ్లు మంచివి అని రాశారు.

పాతపుస్తకాలు

మోటారు గారూ, మీ బాధ ముందు పుస్తకం మాట చిన్నదే. అయినా అడిగారు కాబట్టి. ఆ పుస్తకం నీటికి దయ ఉందనలేదు. 8లో, నీరు అన్నిటికీ మేలు చేస్తుంది, జనం ఈసడించే పల్లంలో ఉంటుంది, అంటాడు. 78కి వచ్చేసరికి, నీటికంటే మెత్తనిది లేదు, గట్టిదాన్ని కొట్టడంలో దాన్ని మించిందీ లేదు, అంటాడు. 5లో ఇంకా కటువుగా, ఆకాశానికీ భూమికీ దయాదాక్షిణ్యాలు లేవు, సమస్తాన్నీ గడ్డితో చేసిన కుక్కబొమ్మల్లా చూస్తాయి, అని. పూజ అయ్యేదాకా అలంకరించి, అయ్యాక తొక్కేసే బొమ్మలవి.

మోటారు రిపేరు (సింగ్‌నగర్)

ఆ గడ్డి కుక్కల మాట నిజం. అది ముందు చెప్పాల్సింది.

టిక్కీ334

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి నాదీ ఒకటి. మాస్టారు ‘మట్టం లేపి వదిలితే చాలు’ అన్నారు. ఆ మట్టం ఎవడు లేపాడు? 1855 నాటికి ఆనకట్ట కట్టారు, 1952లో దానికి గండి పడింది, తర్వాత 1957లో ఈ బ్యారేజీ, 70 గేట్లు. ఎంతమంది రాళ్లెత్తితే ఇవ్వాళ నీళ్లు వాటంతట అవి పారుతున్నాయి? చేసినోడు కనపడకపోతే ‘చేయకుండానే జరిగింది’ అంటారు చూసేవాళ్లు.

ఇంకోటి. కాలవ చివరున్న శివారు భూముల రైతుని అడగండి నీళ్లు వాటంతటవే వస్తాయేమో. పైనోళ్లు తూములు లేపేసుకుంటే కిందికి తడి కూడా దిగదు. రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని కాలవ గట్టు మీద కాపలా కాయాలి. మీ పేరు కాలవగట్టు. మీరు నడిచేది ఊళ్లో గట్టు. శివారు గట్టు కాదు.

కాలవగట్టు

టిక్కీ గారూ, మీరు బాగా రాస్తారు. కానీ ప్రతిదానికీ ఎవరో ఎవరినో దోచుకుంటున్నట్టు చూస్తే బతకడం కష్టం. నేను ఎవరినీ తృప్తిగా ఉండమని చెప్పలేదు. నా సంగతి నేను చెప్పాను. నాకు 18 ఏళ్లలో మొదటిసారి రాత్రి అన్నం వేడిగా తింటున్నాను. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, లెక్కలు నన్నే అడుగుతోంది. ఇందులో ఎవరికి నష్టం?

టిక్కీ334

జీతం తగ్గింది కదా. ఇంట్లో ఎవరు సర్దుతున్నారు?

కాలవగట్టు

అది మా ఇంటి విషయం.

పాతపుస్తకాలు

వేడి తగ్గించడానికి మన వాకిట్లోదే ఒక పద్యం. తృప్తి మాట నేర్చుకోడానికి చైనా దాకా పోవాల్సిన పనిలేదు. పోతన వామన చరిత్రలో వామనుడు బలి చక్రవర్తితో అంటాడు: ‘ప్రాప్తంబగు లేశమైన పదివేలనుచుం దృప్తిం జెందని మనుజుడు సప్తద్వీపముల నయిన జక్కంబడునే’. దక్కింది కొంచెమైనా అదే పదివేలు అనుకోలేనివాడు ఏడు ద్వీపాలిచ్చినా బాగుపడడు. లావోట్సే 46లో చెప్పింది అదే, చాలు అని తెలియకపోవడాన్ని మించిన విపత్తు లేదు.

టిక్కీ334

పెద్దాయనా, మీరు నా పని తేలిక చేశారు. ఆ పద్యం చెప్పిందెవరు? వామనుడు. ఎందుకు చెప్పాడు? బలి ‘ఇంకా అడగవయ్యా’ అంటే ‘మూడడుగులు చాలు నాకు’ అని. తర్వాతేం చేశాడు? ఒక అడుగుతో భూమి, ఇంకో అడుగుతో ఆకాశం, మూడోది నెత్తిన పెట్టి పాతాళానికి తొక్కాడు. లేశంతో తృప్తి పడాలని పాఠం చెప్పినాయనే మొత్తం పట్టుకుపోయాడు. బడిలో ఈ పద్యం అప్పజెప్పించిన మాస్టారు ఆ సంగతి చెప్పలా.

రాత్రిషిఫ్టు

ఇది మాత్రం అదిరింది.

పాతపుస్తకాలు

అక్కడ సందర్భం వేరు. వామనావతారాన్ని కమీషన్ కొట్టు లెక్కలో చదవకూడదు. పైగా తావో ఆచరించినవాళ్లు ఎవరి దగ్గరా ఏమీ లాక్కోలేదు. సిమా చియెన్ అనే చరిత్రకారుడు రాసిన ప్రకారం లావోట్సే చౌ రాజ్యంలో గ్రంథభాండాగారం చూసుకునే ఉద్యోగి. రాజ్యం దిగజారడం చూసి పడమటి దిక్కుగా వెళ్లిపోతుంటే కనుమ దగ్గర కాపలా అధికారి ఆపి, వెళ్లే ముందు ఏదైనా రాసివ్వమన్నాడు. అలా వచ్చింది పుస్తకం. ఇది ఒక్కడి రచన కాదు, చాలామంది చేతుల్లో పోగైందని ఇప్పుడు ఎక్కువమంది అంటారు. 1993లో గువోదియాన్ అనే చోట సమాధిలో వెదురు బద్దల మీద దొరికిన ప్రతిలో సగం కూడా లేదు, వరుసా వేరు. 1973లో మావాంగ్‌దుయ్‌లో పట్టుబట్ట మీద దొరికిన ప్రతిలో

టిక్కీ334

ఆగండాగండి. అంటే ఉద్యోగం మానేసి పోయేటప్పుడు రాశాడా?

పాతపుస్తకాలు

కథ అలా ఉంది.

టిక్కీ334

రాజీనామా కాయితాన్ని చదివి మాస్టారు ఉద్యోగం చేస్తున్నారన్నమాట.

కాలవగట్టు

ఇంక చాలు. నేను గుండె చూపించి మాట్లాడుతుంటే మీరు మాటల గారడీ చేస్తున్నారు. మీలాంటివాళ్లని రోజూ చూస్తాను. ర్యాంకు, రేటు, రాబడి. పిల్లాడికి నూటికి 97 వస్తే మిగతా మూడెక్కడ అని అడిగే తండ్రులు. ఆ యావలో ఉన్న మనిషికి ఈ పుస్తకం ఎక్కదు. మీరు ఏడాదికి ఎన్ని టిక్కీలు ఆడించారో లెక్కేసుకోండి, నా జోలికి రాకండి.

నిర్వాహకుడు

ఇద్దరూ కాస్త తగ్గండి.

ఆటోనగర్ లేత్

కత్తి సంగతి ఎవరూ చెప్పలేదు.

టిక్కీ334

నిర్వాహకుడు గారూ, దీన్ని మాత్రం తీసేయొద్దు. తిట్లేం లేవు.

మాస్టారూ, రాబడి యావ అన్నారు. మా నాయన మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. 31 ఏళ్లు. పొద్దున్నే కాటా దగ్గర నిలబడేవాడు, రాత్రి చిట్టా పద్దులు రాసేవాడు. సీజన్లో ఆ ఘాటుకి దగ్గి దగ్గి గొంతు పోయేది, ఇంటికొస్తే చొక్కా విప్పకుండా మమ్మల్ని ముట్టుకునేవాడు కాదు, మాకు కళ్లు మండుతాయని. ఎప్పుడూ జీతం పెంచమని నోరు తెరిచి అడగలా. అమ్మ పోరితే ‘ఉన్నదాంట్లో గడవట్లా?’ అనేవాడు. షావుకారు నలుగురిలో ‘మా గుమస్తా దేవుడు, ఆశ లేని మనిషి’ అని చెప్పుకునేవాడు. నాయన ఆ మాటకి పొంగిపోయేవాడు.

నాకు ఇంటర్ ఎంపీసీలో మంచి మార్కులొచ్చినయ్. ఇంజనీరింగులో సీటు కూడా వచ్చింది. ఫీజుకి షావుకారుని అడగమంటే నాయన రెండ్రోజులు ఆ కొట్టు చుట్టూ తిరిగి అడగకుండా ఇంటికొచ్చాడు. ‘ఆయనకేం ఇబ్బందులున్నయ్యో’ అన్నాడు. అదే వారం షావుకారు రెండో కోల్డ్ స్టోరేజీకి శంకుస్థాపన చేశాడు. నేను కాటా దగ్గర చేరా. కొట్టు మానేసిన రోజు నాయనకి శాలువా కప్పారు. పీఎఫ్ లేదు, ఏం లేదు. శాలువా ఉంది ఇంకా, బీరువాలో.

నాయన పోయి ఆరేళ్లు. మంచి మనిషి. నాకు ఇప్పటికీ కోపం పోలా. అందుకని ఎవరన్నా ‘చాలు’ అంటే నాకు మా నాయన గొంతు వినపడుద్ది. మీ మీద కాదు.

రాత్రిషిఫ్టు

అన్నా.

కాలవగట్టు

టిక్కీ గారూ, నిన్న రాసిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. టిక్కీల లెక్క అనడం తప్పు.

ఒక్కటి మాత్రం చెప్పనివ్వండి. మీ నాన్నగారు ‘చాలు’ అనలేదు. అడగలేకపోయారు. నేను వైస్ ప్రిన్సిపల్ పోస్టు చేతికొస్తే వద్దన్నాను. ఈ రెండూ ఒకటేనా?

టిక్కీ334

ఆయన్ని అడిగితే ‘నాకు చాలు’ అనే చెప్పేవాడు. లోపల ఏదో మీకెట్టా తెలుసు? మీ లోపల ఏదో మీకన్నా తెలుసా? పోస్టు వద్దన్నారు, సరే. స్టడీ అవర్లు వద్దంటే జీతం కోశారు, దానికీ సరే అన్నారు. దేనికి సరే? 18 ఏళ్లు చేసినోడు, కాలేజీ పని మీద మెట్లెక్కుతూ పడిపోయాడు. కోతెందుకని అడిగారా?

కాలవగట్టు

అడగలేదు.

బోటనీమేడమ్ (విజయవాడ)

రెండు రోజుల నుంచి చదువుతున్నాను. నేనూ మీ లైనే సర్, వేరే కాలేజీ.

గుండె గురించీ నాన్నగారి గురించీ చదివాక అడగడానికి మొహమాటంగానే ఉంది. మీరు వదిలేసిన స్టడీ అవర్లు ఇప్పుడెవరు చూస్తున్నారు?

ఎందుకంటే మా దగ్గర ఒక సీనియర్ సర్ ఇలాగే రాసిచ్చారు. ఆయన పేరు చూసి పిల్లలు చేరతారు కాబట్టి మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది. ఆయన రాత్రి గంటలు నాకు పడ్డాయి. అప్పటికి నేను చేరి రెండేళ్లు. కాదంటే రేపట్నుంచి రావద్దంటారు. మా బాబుకి మూడేళ్లు, నేను ఇంటికెళ్లేసరికి పడుకుని ఉండేవాడు. ఆదివారం మధ్యాహ్నం తప్ప మెలకువగా చూసింది లేదు. ఆ సర్ చెడ్డవారేం కాదు. సాయంత్రం బ్యాగు తగిలించుకుని వెళ్తూ ‘టెన్షన్ పడకమ్మా, అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి’ అనేవారు. నిజంగా ప్రేమగానే అనేవారు.

నీళ్లు పల్లానికే పోతాయని రాశారు కదా సర్. పని కూడా అంతే. పల్లంలో ఎవరున్నారో చూసుకుని వాళ్ల మీదకే వస్తుంది.

మోటారు రిపేరు (సింగ్‌నగర్)

చెప్పావమ్మా.

పాతపుస్తకాలు

లావోట్సే 77లో దాదాపు ఇదే అంటాడు. ఆకాశం పద్ధతి ఎక్కువున్న చోట తీసి తక్కువున్న చోట పెట్టడం. మనుషుల పద్ధతి లేనివాళ్ల దగ్గర తీసి ఉన్నవాళ్లకి పెట్టడం. ఈ పుస్తకం నా దగ్గర ముప్పై ఏళ్లుగా ఉంది, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో కొన్నాను. 77 కింద పెన్సిలు గీత ఉంది, నాది కాదు, నాకంటే ముందు ఎవరో గీశారు. నేను 44 కిందా, 9 కిందా గీసుకున్నాను. ప్రభుత్వోద్యోగంలో రిటైరయ్యాను, పెన్షన్ వస్తుంది. ఇవాళే గమనించాను.

కాలవగట్టు

మేడమ్, మీ ప్రశ్నకి జవాబు రాయడానికి నిన్నంతా పట్టింది.

ఎవరు చూస్తున్నారో నాకు తెలుసు. ఫిజిక్స్‌లోనే కొత్తగా చేరిన అమ్మాయి. మంగళగిరి నుంచి వస్తుంది, చివరి బస్సు అందుకోవాలని తొమ్మిదింటికి పరిగెడుతుంటుందని వాచ్‌మన్ చెప్పాడు. నేను అడగలేదు. ఎదురుపడితే గుడీవినింగ్ సర్ అంటుంది, గుడీవినింగ్ అంటాను. మీరు రాసేదాకా అది నాకు సంబంధించిన విషయంలా అనిపించలేదు. గుండె ఒక కారణం. ఇంకొకటి, అడిగితే మళ్లీ నేనే కూర్చోవాల్సి వస్తుందేమోనని.

టిక్కీ334

మాస్టారూ, ఇక్కడ మాత్రం నేను మీ పక్షం. స్టెంటు వేసిన మనిషి రాత్రి తొమ్మిదింటిదాకా నిలబడక్కర్లా. తప్పు మీ మేనేజ్‌మెంటుది. ఒక మనిషి తగ్గితే ఇంకో మనిషిని పెట్టాలి. మీ జీతంలో కోసిన డబ్బు ఆ అమ్మాయికన్నా ఇచ్చారా? ఇచ్చి ఉండరు. అది ఎటు పోయింది? మీరిద్దరూ కలిసెళ్లి ఆ ఒక్కటి అడగండి.

కాలవగట్టు

కలిసెళ్లి అడిగే ధైర్యం ఉంటే నేను 81 అధ్యాయాలు చదివేవాణ్ణి కాదు టిక్కీ గారూ.

టిక్కీ334

ఈ మాట మొదటి రోజే రాసుంటే నేనింత సేపు వాదించేవాణ్ణి కాదు.

బోటనీమేడమ్ (విజయవాడ)

ముందు ఆ అమ్మాయిని అడగండి సర్. ఏం కావాలో తనకే తెలుసు. మీరిద్దరూ కలిసి తన తరఫున నిర్ణయించేయకండి.

రాత్రిషిఫ్టు

మంచి చర్చ. నాది చిన్న ప్రశ్న. తావో ప్రకారం రాత్రి రెండింటికి క్లయింట్ కాల్ ఎత్తాలా వద్దా?

ఆటోనగర్ లేత్

ఫోను స్విచాఫ్ చెయ్. అదే వూ వెయ్.

కాలవగట్టు

ఐదు రోజులైంది, ఎవరైనా చూస్తున్నారో లేదో.

అడిగాను. మొదట భయపడింది, నామీద కంప్లయింట్ చెప్పించడానికి వచ్చారా సార్ అంది. కాదన్నాక కాసేపు ఆలోచించి చెప్పింది. మంగళ, గురువారాలు ఒక గంట ముందు వదిలితే చాలట, ఎనిమిదిన్నర బస్సుకి తమ్ముడు ఎదురొస్తాడట. ఆ రెండు రోజులు చివరి గంట నేను కూర్చుంటానన్నాను. నిలబడకుండా, కుర్చీలోనే. మా ఇంటావిడ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది, ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కోసిన జీతం సంగతి ప్రిన్సిపల్ దగ్గర ఎత్తాను. ‘పై నుంచి అడగాలి’ అన్నారు.

టిక్కీ334

పై నుంచి ఎప్పుడు అడుగుతారో తేదీ రాయించుకోండి.

కూర్చున్నప్పుడు ఎట్టా ఉంది?

కాలవగట్టు

మంగళవారం విసుగేసింది. గురువారం ఒక కుర్రాడు ఘర్షణ మీద మంచి ప్రశ్న అడిగాడు, అప్పుడు బాగానే ఉంది. తర్వాత మళ్లీ విసుగేసింది.

పాతపుస్తకాలు

లేత్ గారూ, మీకోసం వెతికాను. చ్వాంగ్ ట్సేలోనే బండి చక్రాలు చేసే ముసలాయన కథ ఉంది. 70 ఏళ్లు ఆయనకి. రాజు పుస్తకం చదువుకుంటుంటే, మీరు చదివేది చచ్చిపోయినవాళ్ల పిప్పి, అంటాడు. రాజుకి కోపమొచ్చి సంజాయిషీ అడిగితే చెప్తాడు: ఉలి నెమ్మదిగా కొడితే పట్టు వదులవుతుంది, తొందరగా కొడితే బిగుసుకుపోతుంది, ఆ మధ్యది చేతికి తెలుస్తుంది, నోటితో చెప్పలేను, నా కొడుక్కే నేర్పలేకపోయాను, అందుకే ఇంకా నేనే చేస్తున్నాను, అని.

ఆటోనగర్ లేత్

ఇది నిజం. లేత్ మీద ఇనుముకి బోరు తీసేటప్పుడు ఆఖరి పాయింటు కొలతకి దొరకదు, శబ్దం మారుద్ది, చేతికి తెలుస్తుంది. మా అబ్బాయికి ఎంత చెప్పినా రాలా. వాడు సాఫ్ట్‌వేర్ కోర్సుకి పోతున్నాడు. ఈ కథ రాసినాయన పనిచేసే చోటు చూసినవాడే.

కానీ కత్తి సంగతి వేరు. నిన్న పటమటలో మటన్ కొట్టు ఆయన్ని అడిగా, కీళ్లలోంచి కోస్తే సాన పట్టక్కర్లేదంట నిజమేనా అని. నవ్వాడు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పడతాడంట. ఆదివారం అయితే లెక్కే లేదంట.